మా పెరటి పక్కన మంత్రగత్తెల దారి

ఉల్లిపొట్టు నీళ్ళలో ఈస్టర్ గుడ్లు రంగు పట్టేలా ఉడుకుతున్నాయి. నేను గరిటెతో తిప్పుతుంటే కిటికీలోంచి ఒక తల లోపలికొచ్చింది.

“మంత్రగత్తెలు ఎగిరే కొండ ఇదేనాండీ?”

“ఇదే నాయనా. భోజనాలకెళ్ళారు, కూర్చో,” అంది మా అమ్మమ్మ హెడ్విగ్, నవ్వకుండా.

అందుకే చెబుతున్నాను, ఊరికో నడకదారి ఉండి తీరాలి! జర్మనీలో మా హార్జ్ కొండల్ని ఈ కొస నుంచి ఆ కొసకి దాటించే మంత్రగత్తెల దారి మా పెరటి కంచెను రాసుకుంటూ పోతుంది. ఎంత అదృష్టం! ఒంటరితనం అనే జబ్బు మా ఇంటి ఛాయలకు రాదు. మా బాత్‌రూమ్ ముందు కూడా క్యూ ఉంటుంది.

పురుగు పట్టి మా అడవి నిలువునా ఎండిపోయింది. అయితేనేం? చెట్ల చోట సైన్‌బోర్డులు మొలిచాయి. ఆకులు ఊడ్చే పని లేదు. నడిచొచ్చినవాళ్ళు గుర్తుగా తమ పుస్తకంలో ముద్ర వేసుకునే పెట్టెను మా బట్టలతాడు గుంజకే బిగించారు. మా దుప్పట్లను చూసినంతమంది జనం ఏ మ్యూజియానికి వస్తారు?

ఇక అమ్మమ్మ ఆరోగ్యం. ఈస్టర్ నాడు పొద్దు పొడవకముందే వాగు నీళ్ళు తేవడం మా ఆడవాళ్ళ ఆనవాయితీ. ఆ నీళ్ళతో ఒళ్ళు తుడిస్తే పసిపిల్లలకు జబ్బు చెయ్యదు. కానీ పోతూ వస్తూ పెదవి విప్పకూడదు. ఒక్క మాట జారిందా, అవి వట్టి వాగుడు నీళ్ళు! ఈ వయసులో అంత మౌనం ఒంటికి మంచిదా? ఆ బాధ లేకుండా చేసింది ఈ నడకదారి.

ఒక ఏడాది ఆ దారిన నడిచొస్తున్న ఒకాయన “పెద్దమ్మా, కూజా నేను మొయ్యనా?” అన్నాడు. అమ్మమ్మది మర్యాద గల నోరు. “వద్దు బాబూ, తేలికే” అనేసింది. ఆ నీళ్ళు ఉల్లిమడికి పోశాం. మరుసటి ఏడు దారి తప్పి ఏడుస్తున్న ఒకమ్మాయి ఎదురైంది. దారి చెప్పకుండా అమ్మమ్మ ఎలా పోతుంది? కిందటేడు పళ్ళు బిగబట్టి తల మాత్రం ఊపింది. పక్షవాతం అనుకుని ఒక దయామయుడు అంబులెన్స్ పిలిచాడు! “నాకే రోగమూ లేదురా!” అని స్ట్రెచర్ మీంచి ఆవిడ పెట్టిన కేక కొండ అవతలికి వినబడింది. ఊపిరితిత్తులకు అంత కసరత్తు ఏ డాక్టరు చేయించగలడు?

ఈ శీతాకాలం మా అక్క ఆంకెకు పాప పుట్టింది. నెలలు నిండని పిల్ల, ఇంకా పిడికెడే ఉంది. దానికిదే మొదటి ఈస్టర్.

“కుళాయి నీళ్ళు పట్టెయ్ అమ్మమ్మా, పసిదానికేం తెలుస్తుంది?” అంది అక్క.

“దానికి తెలీదే. నీళ్ళకు తెలుస్తుంది.”

అక్క పాప దుప్పటి సర్దింది.

పాఠకులారా, నడిచేవాళ్ళ మీద నాకు కోపం లేదు. మా కథల కోసమే అంత దూరం నుంచి వస్తారు, నోరారా పలకరిస్తారు. లోకమంతా నడవడానికి ఇక్కడ దారి ఉంది. ఒక ముసలావిడ నోరు మూసుకుని నడవడానికే లేదు, అంతే!

ఈస్టర్ తెల్లవారుజామున వంటింట్లో అలికిడైంది. అమ్మమ్మ మా బావ ఎర్ర జాకెట్ తొడుక్కుని, కూజాను వీపు సంచిలో పెట్టుకుని, నడక కర్ర పట్టుకుని ఉంది. చివరికి బావ పెద్ద హెడ్‌ఫోన్లు తీసి రెండు చెవులకూ తగిలించుకుంది. వాటి తీగ కొసను ఖాళీ జేబులో దోపింది. చెవులు మూసుకున్నవాళ్ళ దగ్గర ఈ దారిలో ఎవరూ జవాబు ఆశించరు.

ఉయ్యాల వైపు ఒకసారి చూసి, తలుపు తీసుకుని, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయింది.