గడియల కంపెనీలో పాటల తలుపు

మా కంపెనీలో గత నెల ఒకటో తేదీ ఉదయం పదకొండు గంటల నుంచి సృజనాత్మకత అమల్లోకి వచ్చింది. ఈ మేరకు నోటీసు బోర్డుకు సర్క్యులర్ కూడా అంటించాం. అంతకుముందు ఎవరికైనా సృజనాత్మకత ఉండి ఉంటే అది అనధికారికం, దానికి యాజమాన్యం బాధ్యత వహించదు.

మేం తలుపు గడియలు తయారుచేస్తాం. ఈమధ్య అమ్మకాలు పడిపోయాయి. రెండు నెలలకే తుప్పు పడుతున్నాయని దుకాణాలవాళ్ళు మొత్తుకున్నారు గానీ, లోపం గడియల్లో లేదు, ఉద్యోగుల ఆలోచనల్లో ఉందని మా పెద్దసారు కనిపెట్టారు. కనిపెట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. వెంటనే సృజనాత్మకతా ప్రోత్సాహక సంఘం వేశారు. దానికి కార్యదర్శిని నేనే. కొత్త ఆలోచనలు రాసి వేయడానికి గోడకు ఒక పెట్టె తగిలించి, రెండు తాళాలు వేశాం. తాళంచెవులున్న ఇద్దరూ సెలవులో ఉండటంవల్ల వారంపాటు ఆలోచనలు భద్రంగా ఉన్నాయి.

తెరిచి చూస్తే ఒకటే చీటీ. డిస్పాచ్ అక్కది. ఉత్తరాలూ పార్సిళ్ళూ పంపించే ఆవిడను మేమంతా అలాగే పిలుస్తాం. "మన అంతస్తులో మరుగుదొడ్డికి గడియ ఊడిపోయి ఏడాదిన్నర అయింది. ఒకటి ఇప్పించగలరు" అని రాసింది.

సంఘం నొచ్చుకుంది. గడియల కంపెనీలో గడియ అడగడంలో కొత్తదనం ఏముంది చెప్పండి? పైగా ఇదే ముక్క ఆవిడ స్టోరు బాబాయిని ఆరుసార్లు అడిగింది. వెనకాల నలభై వేల గడియలు పేర్చి ఉండగా ఆయన ఆరుసార్లూ ఓపిగ్గానే చెప్పాడు, "అవి అమ్మడానికమ్మా, వాడటానికి కాదు."

మరి ఏడాదిన్నరగా ఎలా నెట్టుకొస్తున్నారంటారా? పాడతాం. లోపలికెళ్ళిన మనిషి పాట అందుకుంటే బయటి మనిషి ఆగుతాడు. క్యాషియరుకు పాటలు రావు గనక పదమూడో ఎక్కం చదువుతాడు. పదమూడేళ్ళు తొంభై ఒకటి దాకా వచ్చాడంటే ఇక బయటికొస్తున్నాడని లెక్క.

డిస్పాచ్ అక్కకే గొంతు పెగలదు. ఒకనాడు సిగ్గుపడి ఊరుకుంటే తలుపు తోసింది నేనే. ఆ మర్నాటి నుంచి ఆవిడ మంచినీళ్ళ సీసా తెచ్చుకోవడం మానేసింది. తొమ్మిదింటికి వచ్చి ఆరింటికి వెళ్ళేదాకా గుక్కెడు నీళ్ళు తాగదు. కిడ్నీలో రాయి ఉందట, రోజుకు మూడు లీటర్లు తాగి తీరాలని డాక్టరు చెప్పాడట. ఆయనకేం, చెప్తాడు. ఆయన ఆసుపత్రిలో తలుపులకు గడియలుంటాయి.

ఇంతలో సృజనాత్మకతను కొలవడానికి బయటినుంచి ఒక నిపుణుడు వచ్చాడు. వరండాలో నడుస్తూ ఠక్కున ఆగిపోయాడు. లోపల టైపిస్టు రాగం తీస్తున్నాడు. నిపుణుడి కళ్ళు చెమర్చాయి. సాయంత్రం సభ పెట్టి పెద్దసారు ప్రసంగించారు.

"మిత్రులారా! ఎక్కడైనా జీతానికి పనిచేస్తారు. మన దగ్గర పాడుతూ పనిచేస్తున్నారు! ఈ గానాన్ని కంటికి రెప్పలా కాపాడుకుందాం. ఆ తలుపుకు గడియ పెట్టే ఆలోచన ఎవరికైనా ఉంటే ఈ క్షణమే మానుకోండి!"

చప్పట్లు మోగాయి. డిస్పాచ్ అక్క మాత్రం పెదాలు తడుపుకుంది.

మర్నాడు భోజనాల వేళ ఆవిడ బజారుకెళ్ళి, సొంత డబ్బులతో మా కంపెనీ గడియే ఒకటి కొనుక్కొచ్చింది. "అన్నయ్యా, మీ సొరుగులో స్క్రూడ్రైవర్ ఉందిగా, ఒక్క అయిదు నిమిషాలు ఇవ్వరూ?" అంది.

"సంఘం అనుమతి కావాలమ్మా" అన్నాను. నా మాటకు నాకే సిగ్గేసింది. అయినా పదవి పదవే.

ఆవిడ వెళ్ళి టిఫిన్ డబ్బాలోని చెంచా కాడతో నాలుగు మరలూ బిగించుకుంది. వచ్చి సీట్లో కూర్చుని, సీసా ఎత్తి గటగటా తాగింది. మనిషి నీళ్ళు తాగుతుంటే చూడటానికి అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

వారం గడిచింది. ఆఫీసులో పాట లేదు, ఎక్కం లేదు. నిపుణుడు కంగారుపడి వెతగ్గా గడియ దొరికింది. అక్క ఉద్యోగం ఊడినట్టేనని మేమంతా అనుకున్నాం. కానీ పెద్దసారు మనసు వెన్న. చెంచాతో బిగించిందని వినగానే పొంగిపోయి, ఈ ఏటి ఉత్తమ సృజన ఇదేనని ప్రకటించారు. గడియను ఊడదీయించి, అద్దాల పెట్టెలో పెట్టించి, హాల్లో గోడకు వేలాడదీయించారు. కింద ఆవిడ పేరు కూడా రాయించారు. బహుమతిగా మూడు లీటర్ల మంచినీళ్ళ సీసా ఇచ్చారు.

సీసా ఒళ్ళో పెట్టుకుని అక్క మెల్లగా అడిగింది. "మరి ఆ తలుపుకో, సార్?"

"అదీ! ప్రశ్నించడమే సృజన!" అన్నారు పెద్దసారు. "చీటీ మీద రాసి పెట్టెలో వెయ్యమ్మా."

అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది నేనే. గడియ ఊడదీయడానికి వాడింది నా స్క్రూడ్రైవరే. ఆ పూట సంఘం అనుమతి సంగతి నాకు గుర్తే రాలేదు. సీసా మాత్రం అక్క బల్ల మీద ఇప్పటికీ మూత తీయకుండానే ఉంది.

మీరు నవ్వుతున్నట్టున్నారు. నవ్వండి, కాస్త గట్టిగానే నవ్వండి. లోపల మనిషి ఉన్నట్టు బయటివాళ్ళకు తెలియాలిగా.