విరామచిహ్నాల సలహాదారు

ఒక పెద్ద అడవిలో ఒక వడ్రంగి పిట్ట ఉండేది. అది నేనే. ఆడ జంతువుల పత్రిక ఒకటి నడిపేదాన్ని. దానికి పాఠకులు పదకొండు మంది. వాళ్లలో తొమ్మిది మంది అందులో రాసేవాళ్లే. ఇంగ్లీషులో కామా ఎక్కడ పెట్టాలో అడవి మొత్తంలో నాకొక్కదానికే తెలుసని నా గట్టి నమ్మకం. అడగని వాళ్లకు కూడా చెప్పేదాన్ని.

ఆ అడవి ఆఫీసులో దరఖాస్తులన్నీ ఇంగ్లీషులోనే పెట్టుకోవాలి. ఎవరికీ సరిగ్గా రాని భాష కాబట్టి అందరికీ సమన్యాయం జరుగుతుందని సింహం గారు ఆ నియమం పెట్టారు. సూపరింటెండెంటు నక్కకూ ఇంగ్లీషు రాదు. రాతలో ఏముందో తెలియదు కాబట్టి, గోడ మీది పట్టికతో పోల్చుకుంటూ కామాలూ చుక్కలూ మాత్రం చూస్తాడు. అవి తప్పున్న కాగితం ఆఫీసులోకి రాకూడదు, ఆఫీసు నుంచి పోనూ కూడదు.

ఎండాకాలం ఒక ఉదయం జింక నా చెట్టు కిందికి వచ్చింది. పక్కన దాని పిల్ల. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

“అక్కా, దున్నలు పొద్దస్తమానం మడుగులోనే పొర్లుతున్నాయి. మాకు మిగిలేది బురద. అది తాగి పిల్లకు విరేచనాలు. పొద్దున ఒక్క గంట మడుగు మాకు వదలమని దరఖాస్తు పెడితే తిప్పి పంపారు.”

కూడబలుక్కుని తనే రాసుకున్న కాగితం అది. ఒక్క కామా లేదు. నాకు కళ్లు తిరిగాయి. పిల్ల సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

“ఇది పచ్చి పితృస్వామ్యం,” అన్నాను. “అది సరే, ఈ వాక్యం ఎక్కడ ఆగుతుందమ్మా?”

“దాహం మీద రాశాను కదక్కా. ఎక్కడా ఆగలేదు.”

ముక్కుతో పొడిచి పొడిచి దిద్దాను. తర్వాత మా సంపాదకవర్గాన్ని పిలిచాను. మొదటి వాక్యం మధ్యలో కోలన్ ఉండాలని ఉడుము, సెమీకోలన్ ఉండాలని నేను. తొమ్మిది రోజులు చర్చించాం. నాలుగో రోజే ఉడుత విభేదించి వేరే సంఘం పెట్టుకుంది. జింక రోజూ కింద నిలబడి వినేది.

“ఇవాళ అయిపోతుందా అక్కా?”

“తొందరపడితే పోరాటాలు పాడవుతాయి,” అనేదాన్ని.

పదో రోజు ఇద్దరం వెళ్లి దరఖాస్తు ఇచ్చాం. నక్క ప్రతి చుక్కనూ పట్టికతో సరిచూసి తలెత్తాడు.

“ఒక్క తప్పు లేదు. ఇంత నిదానంగా కామాలు పెట్టుకునే ఆడదానికి దాహం వేస్తోందంటే ఎలా నమ్మను? ఎవరో వెనకుండి రాయించారు.”

“మొన్న తప్పులున్నాయని తిప్పారు కదండీ,” అంది జింక.

“అప్పుడు ఉన్నాయి, ఇప్పుడు లేవు. రెండిటికీ నియమాలున్నాయమ్మా.”

దరఖాస్తు కొట్టేశాడు. కొట్టేసినదాన్నే అందరికీ నమూనాగా పటం కట్టించి గోడకు తగిలించాడు. నన్ను ఆఫీసు విరామచిహ్నాల సలహాదారుగా వేసి శాలువా కప్పాడు. అంత ఎండలోనూ నేను దాన్ని తీయలేదు.

జింక ఎగాదిగా చూసి, “నీకు బాగా నప్పిందక్కా,” అని పిల్లను తోలుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నలభై ఆడ జింకలు మడుగు చుట్టూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. మా సంఘానికి మాట మాత్రం చెప్పలేదు. దున్నలకు తోసుకుపోవడం చేతకాక కాదు. అందరూ చూస్తుండగా తోస్తే పెద్దమనుషులన్న పేరు పోతుందని ఆగాయి. ఆగి, ఆఫీసుకు నడిచాయి. దున్నల దరఖాస్తు అంటే కాగితం మీద ఒక బురద గిట్ట ముద్ర.

నక్క దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. “పాపం, బాధకు మాటలే రాలేదు.”

“ఇందులో కామాలు లేవు కదండీ,” అన్నాను సలహాదారు హోదాలో.

“అక్షరాలే లేవు. తప్పెక్కడుంది మేడమ్?”

మధ్యాహ్నానికల్లా ఉత్తర్వు తయారైంది. జింకలు వెంటనే మడుగు వదిలిపోవాలి. నియమం ప్రకారం సలహాదారు సరిచూస్తే గాని అది జారీ కాదు. నక్క దాన్ని నా చెట్టు దగ్గరికి పట్టుకొచ్చాడు.

“ఒక్క నిమిషం పని మేడమ్. చూసి ఇచ్చేస్తే వెళ్తాను.”

మూడో వరుసలో కామా లేదు. పెట్టాను. పెట్టాక దాని పక్కది అనవసరం అనిపించింది. సంపాదకవర్గాన్ని పిలిచాను. ఉడుము కోలన్ అంది. ఈ మాట విని, వేరుపడిన ఉడుత కూడా వచ్చి డ్యాష్ అంది.

ఇది జరిగి నెలైంది. నక్క రోజూ వచ్చి కింద నిలబడి వింటున్నాడు. మడుగులో నీళ్లు తేరుకున్నాయి. జింక పిల్లకు డొక్కలు పూడాయి, గంతులు కూడా వేస్తోంది.

మొన్న జింక వచ్చి, “నిన్ను తక్కువ అంచనా వేశానక్కా. ఎంత ఎత్తు వేశావు,” అంది.

నేను వినయంగా తల వంచుకున్నాను. ఎత్తూ లేదు, పాడూ లేదు. ఆ ఉత్తర్వు రెండో వాక్యంలో సెమీకోలన్ ఉండాలా వద్దా అన్నది నాకు నిజంగానే ఇంకా తేలలేదు.

నీతి: చాదస్తం చెడ్డదేమీ కాదు, అవతలివాడి కాగితం మీద చూపిస్తే దాన్నే ఉద్యమం అంటారు.