గవ్వల్లో కనపడని చిరుత

ఒక పెద్ద అడవిలో జింకలకు చిరుత మీద ఒకటే ఫిర్యాదు. తింటే తిన్నాడు, చెప్పాపెట్టకుండా పొదచాటు నుంచి దూకడమేమిటని. ఆ మాట పట్టుకుని అవన్నీ ఏనుగు భూపతి దగ్గరికి వెళ్ళాయి. భూపతి అడవి సభకు అధ్యక్షుడు. ఏ గొడవ వచ్చినా దాన్ని నక్క తర్కరత్నం నెత్తిన పెట్టి, తను ఏట్లో స్నానానికి దిగడం ఆయన పరిపాలన.

తర్కరత్నానికి నియమాలంటే ప్రాణం. మూడు రోజులు తిండి మానేసి నలభై మూడు నియమాలు రాశాడు. అసలు సంగతి మాత్రం ఇంతే. నక్కి వచ్చినవాడు ఆరు గవ్వలు వేయాలి, ఎదుటివాడూ ఆరు వేయాలి. వచ్చినవాడికి ఎక్కువ వెల్లకిలా పడితే అతను కనపడనట్టే. అతను దూకే వంతు అయ్యేదాకా ఎదుటివాడు కదలకుండా నిలబడాలి. తక్కువ పడితే వచ్చినవాడే నిలబడాలి, ఎదుటివాడు పారిపోవచ్చు.

జింకలు సంబరపడ్డాయి. చిరుత గండప్ప అంతకంటే సంబరపడ్డాడు. ఇక ముళ్ళపొదల్లో పొట్ట గీరుకుంటూ పాకే పని లేదు. మర్నాటి నుంచి నడిబాటలో దగ్గుకుంటూ, తోక ఊపుకుంటూ రావడం మొదలుపెట్టాడు. వెనకే గవ్వల సంచీతో తర్కరత్నం.

మొదటి వారంలోనే మూడు జింకలు నియమం ప్రకారం పోయాయి. పాత పద్ధతిలో వారానికి ఒకటే పోయేది. మందలో పెద్దలు మాత్రం, పోతే పోయాయి గాని అన్యాయంగా పోలేదు కదా అని తృప్తిపడ్డారు. ఆ పెద్దల మీద వచ్చినంత కోపం నాకు చిరుత మీద కూడా రాదు.

ఎనిమిదో రోజు మాణిక్యం అనే జింక వంతు వచ్చింది. పది రోజుల పిల్లను గడ్డిలో పడుకోబెట్టి పక్కనే మేస్తోంది. బాట మలుపులోనే గండప్ప కనపడ్డాడు. పరుగెత్తబోతే తర్కరత్నం అడ్డం వచ్చి గవ్వలు ముందు పెట్టాడు. గండప్పకు అయిదు పడ్డాయి, మాణిక్యానికి రెండు.

"నువ్వు ఇతన్ని చూడలేదమ్మా," అన్నాడు తర్కరత్నం.

"ఎదురుగానే ఉన్నాడు కదయ్యా. మీసాలు కూడా లెక్కపెట్టగలను."

"కనపడటం వేరు, చూసినట్టు నమోదు కావడం వేరు. కదలకు."

మంద పరువు తీయొద్దని దూరం నుంచి పెద్దలు హెచ్చరించారు. ఈ నియమాలు కావాలని అడిగినవాళ్ళలో మాణిక్యం కూడా ఉంది. కాళ్ళు వణుకుతున్నా నిలబడింది.

అంతటితో ఊరుకుంటే తర్కరత్నం ఎందుకవుతాడు? గడ్డి వైపు తొంగిచూశాడు.

"అక్కడ పిల్లొకటి ఉందే. దాన్నీ లేపు. ఇరవై అడుగుల్లోపు ఉన్న ప్రతి జంతువూ గవ్వలు వేయాలి. పన్నెండో నియమం."

తన ప్రాణానికి వణికిన మాణిక్యం, పిల్ల మాట వినగానే వణకడం మానేసింది.

"ప్రతి జంతువూనా అయ్యగారూ?"

"ఒక్కరికీ మినహాయింపు లేదు. నేనే పట్టుబట్టి రాశాను."

"అయితే ముందు తమరు వేయండి."

తర్కరత్నం నవ్వు సగంలో ఆగిపోయింది. తను అధికారినని, అధికారులు జంతువుల కిందికి రారని ఏదో చెప్పబోయాడు. గండప్ప జింకనూ నక్కనూ ఎగాదిగా చూశాడు. జింక మాంసం మొహం మొత్తి ఉంది. పైగా నక్క నాలుగడుగులు దగ్గర.

"వేయండి తర్కరత్నం గారూ, నియమం కదా," అన్నాడు మర్యాదగా.

అందరూ చూస్తున్నారు. వేయక తప్పలేదు. ఒక్కటి పడింది.

నియమం ప్రకారం తర్కరత్నం చిరుతను చూడలేదు. కాని అన్నాళ్ళుగా వెంట తిరుగుతున్నా ఆ కోరలు ఎంత పొడుగో ఆయనకు అప్పుడే తెలిసింది. ఒక రెప్పపాటు నిలబడ్డాడు. మరో రెప్పపాటులో ఏరు దాటేశాడు.

అది చూసి మాణిక్యం పిల్లను ముట్టెతో లేపి లగెత్తింది. పరువు గురించి చెప్పిన పెద్దలు వాళ్ళకంటే ముందున్నారు. వేట అలవాటు తప్పిన గండప్ప నాలుగు గంతులు వేసి, ఆయాసంతో కూలబడ్డాడు.

మర్నాడు సభలో విచారణ జరిగింది. తను పారిపోలేదని, ఇరవై అడుగుల హద్దు కొలవడానికే వెళ్ళానని తర్కరత్నం వాంగ్మూలమిచ్చి, నలభై నాలుగో నియమం చదవబోయాడు. దూరాన గండప్ప దగ్గు వినపడింది. ఆయన తలెత్తి చూసేసరికి సభలో ఒక్క జింకా లేదు.

నీతి: ఏ నియమాన్ని ఎప్పటిదాకా పాటించాలో తెలియాలంటే, దాన్ని రాసినవాడి కాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచాలి.