కూర్చుంటే పడాల్సిన కుర్చీ

వృత్తి విద్యా కళాశాలలో చేరే పేద విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సహాయానికి ఈ ఏడాది కూడా దరఖాస్తులు ఆహ్వానించారు. దరఖాస్తు పదకొండు పేజీలు. మొదటి పది పేజీల్లో దరఖాస్తుదారు తాను పేదనని రాయాలి. పై పది పేజీల్లో రాసినదాన్ని శాఖ నమ్మడం లేదని పదకొండో పేజీలో అచ్చు వేశారు. అందుచేత విచారణాధికారి స్వయంగా ఇంటికి వస్తారు.

ఈ విచారణలు సరిగా జరగడం లేదని ఐదేళ్ళ క్రితం పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కొందరు అధికారులు గుమ్మం దగ్గరే నిలబడి చూసి వెళ్ళిపోతున్నారట. గుమ్మం దగ్గర నుంచి చూస్తే పేదరికం సరిగా కనిపించదు. కాబట్టి ఇకపై అధికారి లోపలికి వెళ్ళాలి, ఆ ఇంట్లో ఉన్న కుర్చీలో కూర్చోవాలి, కూర్చున్నాక ఏం జరిగిందో పధ్నాలుగో గడిలో రాయాలి. కుర్చీ నిలబడితే ఆ కుటుంబం నిలదొక్కుకున్నట్టు. కుర్చీ ఊగితే సగం సహాయం. అధికారి కింద పడితే పూర్తి సహాయం. కుర్చీ లేని ఇళ్ళ గురించి సర్క్యులర్‌లో ఏమీ లేదు. పధ్నాలుగో గడి ఖాళీగా ఉన్న కారణంగా ఆ ఇళ్ళ దరఖాస్తులు అసంపూర్ణమని వెనక్కి పంపుతున్నారు.

మన వీధిలో ఒక కుర్చీ ఉంది. రికార్డుల సెక్షన్లో గుమాస్తాగా పనిచేసి రిటైరైన పెద్దాయనది. ప్రతిదానికీ ఒక రిజిస్టరు పెడతారు కాబట్టి ఆయన్ని వీధిలో అందరూ రిజిస్టరు తాతయ్య అంటారు. సర్క్యులర్ వచ్చిన ఏడాది ఆయన మనవరాలు నర్సింగ్ సహాయకుల కోర్సుకు దరఖాస్తు పెట్టింది. అధికారి వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. దాని వెనక ఎడమ కాలు వదులుగా ఉందని ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అధికారి పడ్డాడు. మామూలుగా ఎనిమిది నెలలు పట్టే మంజూరు ఉత్తర్వు ఎనిమిదో రోజున వచ్చింది.

వీధి ఈ విషయం గమనించింది.

అప్పటి నుంచి ఆ కుర్చీ వీధిది. తాతయ్య కొత్త రిజిస్టరు తెరిచారు. పేరు, కోర్సు, తీసుకున్న తేదీ, తిరిగి ఇచ్చిన తేదీ, అధికారి పడ్డాడా లేదా. నిబంధనలు మూడు. ముందుగా పేరు రాయించుకోవాలి. కుటుంబ సభ్యులు కూర్చోరాదు. తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి. చివరి గడిలో మొదటి నాలుగేళ్ళూ ఒకటే మాట: పడ్డారు.

టైల్స్ షాపు యజమానిది మూడంతస్తుల ఇల్లు. పెద్దకొడుకు హోటల్ కోర్సులో చేరినప్పుడు ఆయన కారు షెడ్డులో కుటుంబాన్ని కూర్చోబెట్టి, కారును రెండు వీధుల అవతల పెట్టించాడు. అధికారి కుర్చీలో కూర్చుని, పడి, లేచి, దుమ్ము దులుపుకుని పైకి చూశాడు.

"పైన ఎవరుంటారు?"

"మావాళ్ళేనండీ. మేమంటే పడదు" అన్నాడు యజమాని.

కుటుంబ కలహాలు విచారణ పరిధిలోకి రావు. మంజూరైంది.

పళ్ళ డాక్టరు కూతురి విచారణలో మాత్రం అధికారి పడిన తరువాత కాసేపు లేవలేదు. నేలమీద నుంచే కుర్చీ కాళ్ళకేసి చూస్తూ, "దీన్ని ఎక్కడో చూసినట్టుందే" అన్నాడు.

"పేదవాళ్ళ కుర్చీలన్నీ ఒక్కలాగే ఉంటాయి కదండీ" అంది డాక్టరు భార్య.

ఆయన ఆ వాక్యాన్ని రాసుకున్నాడు. శాఖ వార్షిక నివేదికలో అది పరిశోధనా ఫలితంగా అచ్చయింది.

నాలుగేళ్ళలో ఆయన మన వీధిలో నలభై ఒక్కసార్లు పడ్డాడు. శాఖ ఆయన సేవలను గుర్తించి నడుముకు ఒక బెల్టు మంజూరు చేసింది. దాన్ని పేదరికం అంచనా పరికరాల పద్దు కింద కొన్నారు. కిందటేడు మన వీధిని పట్టణంలోకెల్లా పేద వీధిగా ప్రకటించి, సానుభూతి తెలపడానికి మంత్రిగారు వచ్చారు. వీధి నిండా ఇళ్ళవాళ్ళ కార్లే ఉండటంతో ఆయన కారుకు చోటు దొరకలేదు. మలుపు దగ్గర దిగి నడిచారు. పేదల వీధికి కాలినడకన వచ్చిన తొలి మంత్రి అని మర్నాడు పత్రికలు రాశాయి.

మన వీధి చివర, ఒక గదిలో, ఒక దర్జీ ఆవిడ ఉంటుంది. ఆవిడకు పంతొమ్మిదేళ్ళ కూతురు. ఈ పిల్లకు కిందటేడు వృత్తి విద్యా కళాశాలలో వడ్రంగం కోర్సులో సీటు వచ్చింది. ముప్పయ్యో తారీఖులోగా ఫీజు కట్టాలి. కట్టకపోతే సీటు వెయిటింగ్ లిస్టులో మొదటి పేరుకు పోతుంది. ఆ పేరు టైల్స్ షాపు యజమాని రెండో కొడుకుది. అతనికి వడ్రంగం మీద ప్రత్యేకమైన ఇష్టం ఏమీ లేదు. మిగతా కోర్సులు నిండిపోయాయి.

దర్జీ కూతురు సహాయానికి దరఖాస్తు పెట్టింది. కుర్చీ గురించి ఎవరినీ అడగలేదు. నిజంగానే పేదవాళ్ళం కదా అనుకుంది. అనుభవం లేకపోవడం వల్ల ఇలాంటి పొరపాట్లు జరుగుతుంటాయి.

అధికారి వచ్చాడు. గదిలో ఒక కుట్టుమిషను, ఒక మంచం, ఒక కుర్చీ. ఆయన బెల్టు బిగించుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఏమీ జరగలేదు. కళ్ళు తెరిచాడు. ఒకసారి ముందుకూ వెనక్కూ ఊగాడు. ఊగింది ఆయనే.

"ఈ కుర్చీ ఎక్కడిది?"

"పాత సామాన్ల కొట్టు వెనక పారేస్తే తెచ్చుకున్నామండీ. అమ్మాయి బాగుచేసింది" అంది దర్జీ.

ఆయన పైకప్పు చూశాడు. "వానొస్తే కారుతుందా?"

"కారేదండీ. అమ్మాయి రేకు వేసింది."

"కట్టుకున్న బట్టలు? చిరుగులేమైనా..."

"నేను దర్జీనండీ" అంది ఆవిడ, తప్పు ఒప్పుకున్నట్టు.

అధికారి నిట్టూర్చాడు. "మీరిలా అన్నీ బాగుచేసుకుంటూ కూర్చుంటే మేమేం సాయం చేస్తామమ్మా? ప్రభుత్వానికి కాస్త అవకాశం ఇవ్వాలి కదా."

పధ్నాలుగో గడిలో 'నిలబడింది' అని రాశాడు. అయితే ఆయన జాలి లేని మనిషి కాడు. ఏడాదికి రెండు విచారణలకు వీలుందనీ, వచ్చే గురువారం మళ్ళీ వస్తాననీ, ఈలోగా పరిస్థితి దిగజారితే బాగుంటుందనీ చెప్పి వెళ్ళాడు.

ఈ సంగతి తెలిసి రిజిస్టరు తాతయ్య ఆ పిల్లను పిలిచి మందలించారు. "ఇంత కుర్చీ ఇక్కడ పెట్టుకుని మీ ఇంటి కుర్చీలో కూర్చోబెడతావా? ఎవరితోనైనా ఒక్క మాట అనొద్దూ?"

"మాది నిజమే కదా తాతయ్యా."

"నిజమైతే ఇంకా జాగ్రత్తగా ఉండాలే పిచ్చిదానా."

రిజిస్టరులో శుక్రవారం నుంచి కుర్చీ టైల్స్ షాపువాళ్ళకు రాసి ఉంది. బుధ, గురువారాలు ఖాళీ. ఆ పిల్ల సంతకం పెట్టి బుధవారం ఉదయం కుర్చీ ఇంటికి తెచ్చుకుంది. తమ కుర్చీని దాచమని పక్కింట్లో ఇచ్చింది. పక్కింటివాళ్ళు ఊరికి వెళుతూ ఆ గదికి తాళం వేశారు.

ఆ రోజు సాయంత్రానికి దర్జీ పాతిక స్కూలు యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి. మిషను ముందు కూర్చోవడానికి ఉన్నది ఒక్కటే. మొదటి చొక్కా కాలరు దగ్గర ఆవిడ పడింది. లేచి, కుర్చీని గోడకు ఆనించి మళ్ళీ కూర్చుంది. రెండో చొక్కా చేతుల దగ్గర మళ్ళీ పడింది. ఈసారి మోచెయ్యి మిషను చక్రానికి తగిలి గీసుకుపోయింది.

"లే అమ్మా, చూస్తాను" అంది కూతురు.

"వద్దే! దాని జోలికి పోకు. అది మనది కాదు."

"ఇవాళ్టికే. పొద్దున మళ్ళీ వదులు చేసేస్తాను."

కుర్చీని తిరగేసింది. ఎడమ కాలు దిగే బెజ్జం అరిగిపోయింది. నాలుగేళ్ళుగా ఊడిన కాలును మళ్ళీ మళ్ళీ పెడుతూ ఎవరో అందులో కాగితం ముక్కలు కుక్కారు. వాటిని లాగేసింది. అవి మంజూరు ఉత్తర్వుల నకళ్ళు. పాత మంచం పట్టె ముక్క నుంచి ఒక చీల చెక్కింది. సరిపోలేదు. ఇంకొకటి చెక్కింది. జిగురు పూసి, చీల దిగ్గొట్టి, తాడుతో బిగించి మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టింది. తరువాత తల్లి దానిమీద కూర్చుని పాతిక యూనిఫారాలూ కుట్టింది.

గురువారం ఉదయం ఆ పిల్ల సుత్తి తీసుకుని కాలు మీద కొట్టింది. కదల్లేదు. పక్కనుంచి కొట్టింది. తాడు కట్టి లాగింది. చీల ఎంత బిగువుగా దిగిందంటే, కాలు ఊడాలంటే కుర్చీ మొత్తం చీలిపోవాలి. ఉలి వెతుకుతుండగా తలుపు చప్పుడైంది. ప్రభుత్వాధికారులు ఆలస్యంగా వస్తారన్న అపవాదును తొలగించడానికి ఆయన ఆ రోజే అరగంట ముందు వచ్చాడు.

కుర్చీని చూడగానే ఆయన ముఖం విప్పారింది. పాత స్నేహితుడు కనిపించినట్టు దగ్గరికి వెళ్ళాడు. అలవాటుగా పడే వైపు ఫైలు కింద పెట్టాడు. కూర్చున్నాడు.

ముగ్గురూ ఎదురుచూశారు.

అధికారి ఎడమకు ఒరిగాడు. కుడికి ఒరిగాడు. రెండు కాళ్ళూ పైకెత్తాడు. చివరకు లేచి, కుర్చీ తిరగేసి, చీలను వేలితో తడిమి చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ."

"ఇంత పని ఎక్కడ నేర్చుకున్నావు?"

"నేర్చుకోడానికే కదండీ మీకు దరఖాస్తు పెట్టింది."

ఆయన చాలాసేపు రాశాడు. వారం తరువాత వచ్చిన ఉత్తర్వులో రెండు కారణాలు ఉన్నాయి. ఒకటి, ఇంట్లో ఒకటికి రెండు గట్టి కుర్చీలు ఉన్నట్టు వేర్వేరు తేదీల్లో రుజువైంది. రెండు, దరఖాస్తుదారుకు వడ్రంగం వచ్చు కాబట్టి వడ్రంగం నేర్పించడం ప్రజాధనం వృథా. పని రానివారికి ప్రాధాన్యం ఇవ్వాలన్నది శాఖ విధానం.

వీధికి మాత్రం ఈ కబురు గురువారం మధ్యాహ్నానికే చేరింది. అందరూ తాతయ్య ఇంటి ముందు గుమిగూడారు. టైల్స్ షాపు యజమాని మాట్లాడాడు.

"దీన్ని మీరు కుర్చీ అనుకుంటున్నారా? ఎందరు పిల్లల భవిష్యత్తు దీని కాలి మీద ఆధారపడి ఉంది! మన వీధి ఇన్నాళ్ళూ పేదరికాన్ని కలిసికట్టుగా కాపాడుకుంది. పెద్దలు ఇచ్చినదాన్ని ఈ కాలం పిల్లలు ఒక్క పూటలో పాడుచేశారు. నేను ఎవరినీ తప్పుపట్టను. కానీ రేపు మా రెండోవాడి విచారణ ఉందని మాత్రం మనవి చేస్తున్నాను."

అందరూ తలా ఒక చెయ్యి వేశారు. యజమాని ఎక్కి గెంతాడు. పళ్ళ డాక్టరు కాలు పట్టుకుని లాగాడు. ఊడదీయడంలో ఆయనకు ఇరవై ఏళ్ళ అనుభవం ఉంది. రాలేదు. కాలు నరికేద్దామన్నారు ఎవరో. అప్పుడు తాతయ్య రిజిస్టరు తెరిచి మూడో నిబంధన మీద వేలు పెట్టారు. తీసుకున్న స్థితిలోనే తిరిగి ఇవ్వాలి.

"నరికేయడం ఎవరైనా చేస్తారు తాతయ్యా" అంది దర్జీ కూతురు. "కూర్చున్న నిమిషానికి ఒరగాలి, పడ్డవాడికి దెబ్బ తగలకూడదు, మళ్ళీ పెడితే నిలబడాలి. దానికి పని తెలియాలి."

"తెలిసినదానివే కదమ్మా" అన్నాడు యజమాని, ఆ పిల్లను మొదటిసారి మెచ్చుకుంటూ.

సాయంత్రానికి చేసి ఇచ్చింది. కూలి సంగతి ఎత్తితే, కుర్చీ ఆమెకు ఉచితంగానే ఇచ్చామని తాతయ్య గుర్తుచేశారు. శుక్రవారం అధికారి పడ్డాడు. ఇంత హాయిగా ఎప్పుడూ పడలేదని వెళుతూ అన్నాడట. ముప్పయ్యో తారీఖు గడిచింది. సీటు టైల్స్ షాపువాళ్ళకు పోయింది.

ఆ అబ్బాయి ఇప్పుడు ప్రభుత్వ సహాయంతో వడ్రంగం చదువుతున్నాడు. ఏడాది చివర పరీక్షకు ఒక కుర్చీ చేసి చూపించాలి. చెక్క తీసుకుని వీధి చివరి గదికి వచ్చాడు. "అక్కా, నువ్వైతే ఒక పూట పని. నాకైతే ఏడాదైనా రాలేదు" అన్నాడు. అతని నిజాయితీని మెచ్చుకోవాలి. దర్జీ కూతురు చేసి ఇచ్చింది. ఈసారి తల్లి తలుపు దగ్గర నిలబడి ముందే కూలి తీసుకుంది. కుర్చీకి ప్రథమ బహుమతి వచ్చింది. శాఖవాళ్ళు దాన్ని కొని విచారణాధికారి గదిలో వేశారు. ఆయన బెల్టు తీసేసి అందులోనే కూర్చుని పధ్నాలుగో గడులు సరిచూస్తున్నాడు.

ఈ ఏడాది దర్జీ కూతురికి మళ్ళీ సీటు వచ్చింది. మళ్ళీ ముప్పయ్యో తారీఖే గడువు. ఈసారి ఆమె పొరపాటు చేయలేదు. దరఖాస్తు కంటే ముందు తాతయ్య దగ్గరికి వెళ్ళి వీధి కుర్చీకి పేరు రాయించుకుంది. కాలు కొత్తగా చేయించాక పక్క వీధులవాళ్ళు కూడా అడుగుతున్నారు. గడువులోగా ఉన్నవి పదహారు తేదీలు. ఆమెది పదిహేడో నంబరు.

మీరు పేరు రాయించుకోవడానికి వెళితే పద్దెనిమిదో నంబరు ఇస్తారు. కానీ తాతయ్యకు మీరంటే గౌరవం. ఒక్క మాట చెబితే మీది పదహారు కావచ్చు.