వెనకసీటు మొలిచిన స్పోర్ట్స్ కారు

పన్నెండు మలుపుల ఘాట్ రోడ్డున్న ఒక పెద్ద అడవిలో వరాలు అనే ముంగిస ఉండేది. పాములు పట్టడం ఆమెకు జీవనం, కారు నడపడం ఆమెకు పిచ్చి.

కారంటే ఏదో ఒక కారు కాదు, జపాను కొంగలు చేసి పంపే బుల్లి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు, చేతికందే గేరు. మలుపులో తిప్పితే ఒళ్లంతా గిలిగింతలే! ధర కూడా కూలీనాలీ జీవాలకు అందేది. మేనత్త కారు మీద నడపడం నేర్చుకున్న వరాలు, సొంతంగా ఒకటి కొనాలని ఏడేళ్లుగా పైసా పైసా దాస్తోంది.

చిన్న జీవాలు అంత సంతోషంగా తిరుగుతుంటే పెద్దలకు అన్నం సయిస్తుందా? వెంటనే "వాహన సలహా మండలి" వేశారు. అధ్యక్షుడు ఏనుగు ఐరావతరావు. సభ్యులు ఎలుగుబంటి భల్లూకయ్య, నెమలి పింఛేశ్వరరావు. ముగ్గురిలో ఒక్కడికీ కారు నడపడం రాదు. ముగ్గురికీ డ్రైవర్లున్నారు.

"ఉన్నవి ముందు సీట్లేనా? మరి పెద్దమనిషి ఎక్కడ కూర్చుంటాడయ్యా?" అన్నాడు ఐరావతరావు.

కొంగల ఏజెంటు తొండ. తల ఊపడంలో దానికి సాటి లేదు. "వెనకసీటు పెట్టిద్దాం సార్."

"పరుపులాగా ఉండాలి. నాకసలే నడుం నొప్పి" అన్నాడు భల్లూకయ్య.

"పరుపే వేయిద్దాం సార్."

"నా పింఛం నలగకూడదు. కప్పు ఎత్తు పెంచండి" అన్నాడు పింఛేశ్వరరావు.

"ఆకాశమంత పెంచుదాం సార్."

కిటికీ అవతల వింటున్న వరాలు ఇక ఉండబట్టలేక లోపలికి దూకింది. "అయ్యా, తేలిగ్గా ఉంటేనే అది మలుపు తిరుగుద్ది. ఇవన్నీ పెడితే కారు కాదు, కల్యాణమండపం అవుద్ది."

"నువ్వెవరమ్మా?"

"నడిపేదాన్ని."

మండలి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఆడదానికి గేరెందుకు తల్లీ! నువ్వు గేరు మార్చేలోపు పొయ్యిమీద కూర మాడిపోతుంది" అన్నాడు పింఛేశ్వరరావు.

"మాడితే దించడానికి మీకు చేతుల్లేవా?" అని, అతణ్ణి కిందనుంచి పైదాకా చూసింది వరాలు. "నిజమే, లేవు. ఉన్నదంతా తోకే."

ఆమెను బయటికి పంపాలని మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. తొండ తల ఊపింది.

ఏడాదికి కొత్త కారు దిగింది. ఏనుగు పట్టేంత ఉంది. ధర విని కుందేళ్లు కళ్లు తేలేశాయి. పోనీ పాతవి కొందామంటే, ఇక రావని తెలిసి పెద్దల బావమరుదులు ఎప్పుడో కొనేసి, గుహల్లో దుప్పట్లు కప్పి దాచేశారు. వాటిని నడపరు. వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. వరాలు ఎనిమిదేళ్ల కష్టం కొత్త కారు తలుపుకు కూడా చాలలేదు.

"ఇదీ స్పోర్ట్స్ కారేనా?" అని అడిగింది తొండని.

"వెనకాల రాసుంది కదమ్మా!"

కొండమీద ప్రారంభోత్సవం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ముగ్గురు పెద్దలూ వెనక ఎక్కారు. ఐరావతరావు కాళ్లు చాపుకోవడానికి వెనకసీటును ముందుకు ముందుకు జరిపించాడేమో, డ్రైవరుకు మిగిలింది బెత్తెడు చోటు. డ్రైవరు అడవిపందికి తల దూరింది, తక్కిన శాల్తీ బయటే ఉండిపోయింది. దుప్పిని ఎక్కిస్తే కొమ్ములు అడ్డం. సన్నగా, పొట్టిగా, గేరు తెలిసిన జీవం అక్కడ చేరినవాటిలో ఒక్కటే.

"సరే, ఆమెనే పిలవండి. మెల్లిగా పోనీ అమ్మా!" అన్నాడు ఐరావతరావు, పళ్లు నూరుకుంటూ.

"మీ చిత్తం" అంది వరాలు. గేరు వేసింది.

మొదటి మలుపులో భల్లూకయ్య వెళ్లి ఐరావతరావు ఒళ్లో పడ్డాడు. రెండో మలుపులో ఐరావతరావు భల్లూకయ్య ఒళ్లో పడ్డాడు. భల్లూకయ్య పెట్టిన కేక లోయలో మూడుసార్లు మారుమోగింది.

"ఆపవే! ఆపు తల్లీ! ఆపండమ్మా!" మలుపు మలుపుకూ మర్యాద పెరిగింది.

"ఇంత బరువేసుకుని గబుక్కున బ్రేకు తొక్కితే లోయలో తేలతాం. నడపడం వచ్చినవాళ్లెవరైనా ఉంటే సలహా ఇవ్వండి!"

నాలుగో మలుపులో పింఛేశ్వరరావు రెక్కలు కొట్టి ఎగిరిపోయాడు, మెడకు తగులుకున్న కప్పుతో సహా. ఆరో మలుపులో భల్లూకయ్య పరుపును కావలించుకుని పొదల్లోకి దొర్లాడు. ఎనిమిదో మలుపులో ఐరావతరావు దారి పక్క మద్దిచెట్టును తొండంతో పట్టేసుకున్నాడు. చెట్టు కదల్లేదు. వెనకసీటు బోల్టులతో సహా ఊడి ఆయనతోనే ఉండిపోయింది.

కారు ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు తేలికైంది. తిప్పితే తిరిగింది, చెబితే విన్నది! మిగతా నాలుగు మలుపులూ వరాలు పకపకా నవ్వుతూనే దిగింది. కింద ఆడ ఉడతలు, ఆడ కుందేళ్లు "అక్కా, ఇప్పుడు నేను! అక్కా, తర్వాత నేను!" అని ఎగబడ్డాయి.

మర్నాడు మండలి కట్లు కట్టుకుని సమావేశమైంది. వెనకసీటు లేని వాహనం పెద్దల హోదాకు తగదనీ, దాన్ని తుక్కు కింద అమ్మేయాలనీ తీర్మానించింది. వరాలు దాచిన డబ్బుతో కొనేసింది. తొండ తల ఊపి, ఇలాంటివే వంద పంపమని కొంగలకు ఉత్తరం రాసింది.

నీతి: కారు తేలికవ్వాలంటే ఇంజను విప్పక్కర్లేదు, వెనక కూర్చున్న పెద్దల్ని దింపితే చాలు.