పొదలో కూర్చుని రాసిన సమీక్ష

మనిషి నిటారుగా నడవడం మానేసి వంగి నడవడం మొదలుపెడితే తప్ప ఇళ్లు బాగుపడవు. సరదాకి అంటున్నానని అనుకోకండి. ఒక వీడియో గేమ్ ఆడి, నడుం పట్టేసి, మంచం మీద వెల్లకిలా పడుకుని తీరిగ్గా ఆలోచించి మరీ అంటున్నాను.

నిజానికి ఈ శీర్షికలో నేను లిఫ్టుల గురించి, తలుపు చప్పుళ్ల గురించి, చెప్పకుండా దిగబడే చుట్టాల గురించి రాసుకునేవాణ్ణి. మా పత్రికలో గేమ్‌ల గురించి రాసే ఆయన పెళ్లి చేసుకుని సెలవు మీద వెళ్లాడు. ఎడిటర్‌గారు గేమ్ ఆడే యంత్రాన్నీ దాని కంట్రోలర్‌నీ నా చేతిలో పెట్టి, ఆట మొత్తం పూర్తి చేయనక్కర్లేదు, ఫస్ట్ ఇంప్రెషన్స్ రాస్తే చాలన్నారు. పూర్తి చేయమన్నా చేయగల రకాన్ని కాదని ఆయనకి అప్పటికి తెలియదు.

ఆట పేరు చెప్పను. పలకడానికి నోరు తిరగదు. కథ మాత్రం చెబుతాను. కొండ మీద కోటలో ఒక మాంత్రికుడున్నాడు. ఊళ్లోవాళ్ల నీడలన్నీ కత్తిరించి పట్టుకుపోయి ఒక పెట్టెలో దాచుకున్నాడు. మన హీరో కూడా నీడ పోగొట్టుకున్నవాడే. ఎలాగోలా కోటలో దూరి ఆ పెట్టె మూత తీయాలి.

చుట్టూ ఓపెన్ వరల్డ్. అంటే అడవులు, నదులు, సంతలు, పడవలు. ఎక్కడికి కావాలంటే అక్కడికి వెళ్లొచ్చు. ఎందుకు వెళ్తున్నావని ఎవరూ అడగరు.

యుద్ధాలు కూడా ఉన్నాయి. కానీ నా యుద్ధాలు చాలా క్లుప్తంగా ముగుస్తాయి. కత్తి దూసే బటన్ అనుకుని గుర్రాన్ని పిలిచే బటన్ నొక్కుతాను. ఆ గుర్రానికి విశ్వాసం మరీ ఎక్కువ. నేను పొదలో నక్కి ఉన్నా సరే, ఊరంతా వినపడేలా సకిలిస్తూ వచ్చి సరిగ్గా ఆ పొద పక్కనే నిలబడి నా వైపు చూస్తుంది. ఆ తర్వాత ఏం జరుగుతుందో మీ ఊహకే వదిలేస్తున్నాను!

కాబట్టి నాకు మిగిలింది స్టెల్త్ ఒక్కటే. స్టెల్త్ అంటే ఏమిటి? వంగడం, నక్కడం, ఊపిరి బిగబట్టడం, ఎదుటివాడు అటు తిరగగానే ఇటునుంచి చల్లగా జారుకోవడం. కాపురం చేస్తున్నవాళ్లకి ఇందులో కొత్తేముంది?

ఇక ఆ కోట కాపలావాళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక్కొక్కడి నెత్తిమీద ఒక కన్ను బొమ్మ ఉంటుంది. మనం కనపడుతున్నకొద్దీ అది ఎర్రబడుతుంది. "ఎవరక్కడ?" అంటాడు. కదలకుండా కూర్చుంటే "గాలి అయ్యుంటుందిలే" అనుకుని తన దారిన తాను పోతాడు. ఎంత పెద్ద మనసు! మన ఇళ్లల్లో ఎవరికైనా ఉందా ఇది? వాళ్ల బాబాయిగారు మాట్లాడుతున్నప్పుడు నేను ఒకసారి వాచీ చూసుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. మనుషుల నెత్తిన కూడా అలాంటి కన్ను బొమ్మ అమర్చి ఉంటే ఎన్ని సాయంత్రాలు ప్రశాంతంగా గడిచేవి!

ఈ ఆట వల్ల నా ఆఫీసు జీవితం కూడా మెరుగుపడింది. మా ప్రూఫ్ రీడర్‌గారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఎదురుపడితే చాలు, మత్తుమందు ఇచ్చిన దగ్గర్నుంచి మొదలుపెడతారు. ఇప్పుడు ఆయన అడుగుల చప్పుడు వినగానే నేను ఫొటోకాపీ మెషిన్ వెనక్కి జారుకుంటున్నాను. మొన్న అలా జారుకునేసరికి అక్కడ అప్పటికే ఎడిటర్‌గారు కూర్చుని ఉన్నారు. ఇద్దరం కిమ్మనకుండా ఆయన వెళ్లేదాకా ఉండి, ఎవరి సీట్లోకి వాళ్లం వెళ్లిపోయాం.

కానీ స్టెల్త్ అసలు గొప్పతనం తెలియాలంటే మా ఇంటికి రావాలి.

మాది చిన్న ఫ్లాట్. నేను, మా ఆవిడ, మా అత్తగారు ఉంటాం. మేమిద్దరం ఉద్యోగాలకి పోతాం, పగలంతా అత్తగారు ఒక్కరే. ఈ పరిస్థితి చూసి మా ఆవిడ, వాళ్ల అక్క, అంటే మా వదినగారు, ఫోన్లో మాట్లాడుకుని అత్తగారిని హాస్టల్లో చేర్పించాలని ఇంచుమించు ఖాయం చేసుకున్నారు. వృద్ధాశ్రమం అనే మాట మేం వాడం. దానికి చప్పుడెక్కువ. హాస్టల్ అంటే తేలిగ్గా ఉంటుంది.

ఈ సంగతి అత్తగారి చెవిన పడకూడదని మేం తీసుకునే జాగ్రత్తలు ఇన్నీ అన్నీ కావు. మా ఆవిడ బాత్‌రూమ్‌లోకి వెళ్లి కుళాయి ధారగా తిప్పి అప్పుడు అక్కకి ఫోన్ చేస్తుంది. నీళ్ల చప్పుడులో మాట వినపడదు! జలపాతం దగ్గర నడిస్తే అడుగుల చప్పుడు వినపడదని ఈ ఆటలో కూడా ఒక చిట్కా ఇస్తారు. దాన్ని నేను పడి లేచి నేర్చుకోవాల్సి వచ్చింది, మా ఆవిడకి మాత్రం పుట్టుకతోనే అబ్బింది.

అత్తగారు హాల్లోకి రాగానే మేం వాన గురించి మాట్లాడుకుంటాం. వాన లేని రోజుల్లో వాన ఎందుకు లేదో మాట్లాడుకుంటాం. ఆవిడ మనసు నొచ్చుకోకూడదనే కదా ఇదంతా? పక్కమనిషికి తెలియకుండా ఆ మనిషి మంచి చెడ్డలు నిర్ణయించడం కంటే ప్రేమ ఏముంటుంది చెప్పండి?

మా అత్తగారి గురించి కూడా ఒక మాట. ఆవిడ నాతో ఎక్కువ మాట్లాడరు. నేను గదిలోకి వస్తే ఆవిడ లేచి పక్క గదిలోకి వెళ్తారు. టీ తాగుతారా అన్న ప్రశ్న కూడా మా ఆవిడ ద్వారానే వస్తుంది. మా పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే పద్ధతి, ఎవరికీ ఇబ్బంది లేదు.

సరే, ఆటలోకి వద్దాం. కోటలోకి దూరడానికి నేను మురికికాలవ దారి ఎంచుకున్నాను. అందులో పాకుతూ పోతే చివర ఒక ఇనుప ఊచల తలుపు. దాని ముందు ఒక బాతు. నన్ను చూడగానే అది అరుస్తుంది, కాపలావాళ్లు వస్తారు, నేను పోతాను. మళ్లీ కాలవ మొదటికి. ఆ బాతు నాకు మూడు చెరువుల నీళ్లు తాగించింది. రోజూ ఆఫీసు నుంచి రాగానే కాసేపు దాని చేతిలో ఓడిపోయి, తర్వాత భోజనానికి కూర్చునేవాణ్ణి.

ఇలా ఉండగా ఒక సెలవు రోజు పొద్దున్నే ఆట తెరిచి అవాక్కయ్యాను. నా హీరో మురికికాలవలో లేడు. ఎక్కడో నది ఒడ్డున, శుభ్రమైన బట్టలు వేసుకుని, ఎండలో నిలబడి ఉన్నాడు. సంచి నిండా పూలు. మ్యాప్ చూస్తే, నాకు మొదట్నుంచీ పొగమంచు కప్పుకుని కనిపించిన దేశమంతా ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తేటగా విచ్చుకుని ఉంది. సంతలో ప్రతి కొట్టువాడూ హీరోని పేరుపెట్టి పలకరిస్తున్నాడు. కత్తికి మాత్రం ఒక్క గీత కూడా పడలేదు.

సాంకేతిక లోపం అనుకున్నాను. ఈ ఆట దానంతట అది ఆడుకుంటుంది, కొనేవాళ్లు గమనించగలరు అని సమీక్షలో రాసేశాను కూడా. అదృష్టం కొద్దీ ప్రెస్‌కి పంపలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం తలనొప్పిగా ఉండి ఆఫీసు నుంచి త్వరగా వచ్చేశాను. ఆరితేరిన వాణ్ణి కదా, చప్పుడు కాకుండా తాళం తీసి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాను. హాల్లో టీవీ వెలుగుతోంది. సోఫా అంచున మా అత్తగారు. కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది, చేతిలో కంట్రోలర్. టీవీలో నా హీరో కోట లోపల, అవును, కోట లోపలే, గోడ మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చుని ఉన్నాడు. కింద ఇద్దరు కాపలావాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఆవిడ తల ఒక పక్కకి వంచి వింటున్నారు.

నేను వెంటనే కర్టెన్ వెనక్కి చేరాను. ఊపిరి బిగబట్టాను.

"ఆ కర్టెన్ వెనకాల గాలాడదు, అల్లుడుగారూ. వచ్చి కూర్చోండి," అన్నారు ఆవిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండానే.

వచ్చి కూర్చున్నాను. ఆవిడ లేచి పక్క గదిలోకి వెళ్లలేదు. కాపలావాళ్లలో పొడుగాయనకి కొత్తగా బదిలీ అయిందని, ఆ సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పలేదని, పొట్టాయనకి తెలుసు గానీ నీళ్లు నములుతున్నాడని నాకు వివరంగా చెప్పారు. ఆట తయారుచేసిన వాళ్లకి కూడా వాళ్ల గురించి అంత తెలిసి ఉండదు.

నాకు మాత్రం ఒకటే సందేహం. ఆ బాతుని ఎలా దాటారని అడిగాను.

"ఏ బాతు?" అన్నారు ఆవిడ.

ఆవిడ అసలు కాలవలోకే దిగలేదట. కోటకి ముందు గేటుంది. అక్కడికెళ్లి లోపలికి రావచ్చా అని అడిగారట. గేటు దగ్గరున్నవాడు ఎవరు, ఏం పని అని అడిగి, చెబితే విని, తలుపు తీశాడట. నేను నోరెళ్లబెట్టాను. ఎన్ని రోజులు ఆ కోట చుట్టూ తిరిగాను, అడిగే వీలుందని నాకెక్కడా కనపడలేదే అన్నాను.

"నిలబడితేనే కనపడుతుందండీ అది. మీరెప్పుడూ వంగి పాకుతుంటారు కదా," అన్నారు. ఎగతాళి ఏమీ లేదు. దారి తప్పినవాడికి దారి చెప్పినట్టు చెప్పారు.

తర్వాత కంట్రోలర్ పక్కన పెట్టి, కళ్లజోడు తీసి చీరతో తుడుచుకున్నారు.

"ఆ హాస్టల్ సంగతి నన్నెప్పుడు అడుగుతారు?"

పాఠకులారా, మా హాల్లో సోఫా ఉంది, టీవీ ఉంది, ఒక అల్మారా ఉంది. దాక్కోవడానికి ఒక్క పొద కూడా లేదు! మేమే చెబుదామనుకుంటున్నామని గొణిగాను. మీరు బాధపడతారేమోనని అన్నాను. వాన సంగతి ఎత్తబోయి మానుకున్నాను.

"వెళ్లనని నేనన్నానా? వెళ్తానని మాత్రం అన్నానా? అడిగితే కదా ఏదో ఒకటి అనేది. కుళాయి తిప్పినప్పుడల్లా నా గురించేనని తెలుస్తూనే ఉంది. బోలెడు నీళ్లు పోతున్నాయి," అన్నారు.

నాకు నిజంగా సిగ్గేసింది. లేచి నిలబడ్డాను. మీకు ఎక్కడుండాలని ఉంది అత్తయ్యగారూ అని అడిగాను. ఇన్నేళ్లలో నేను ఆవిడని అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో.

ఆవిడ ఆ ప్రశ్నని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఎక్కడైనా పర్లేదు. ఆ ఇంటి తాళంచెవి ఒకటి నా చేతిలో ఉండాలి. పొద్దున మీరిద్దరూ బయట తాళం వేసుకుని పోతారు. నా మంచికేనని తెలుసు. కానీ మళ్లీ మీరొచ్చేదాకా నేను వెళ్లడానికి ఆ టీవీలో ఊరు తప్ప ఇంకో ఊరు లేదు."

ఆ సాయంత్రం మా ఆవిడకి అంతా చెప్పాను. ముందు నా మీద విరుచుకుపడింది. తర్వాత వాళ్లమ్మ పక్కన కూర్చుని చాలాసేపు ఏడ్చింది. వదినగారికి హాల్లోంచే, కుళాయి కట్టేసి ఫోన్ చేశాం. అత్తగారే ఆ హాస్టల్ వాళ్లతో కూడా మాట్లాడారు. తాళంచెవి ఇస్తారా అని అడిగారు. అలాంటి పద్ధతి లేదన్నారట. అయితే వద్దులెండి అని మర్యాదగా పెట్టేశారు.

కాబట్టి నా ఫస్ట్ ఇంప్రెషన్స్ ఇవీ. బొమ్మలు బాగున్నాయి. సంగీతం బాగుంది. గుర్రం విషయం ఆలోచించాలి. దాక్కోవడానికి ఇన్ని పొదలు, ఇన్ని చీకటి మూలలు ఇచ్చిన కంపెనీవాళ్లు ఆ ముందు గేటు ఎందుకు పెట్టినట్టు? హాయిగా గుట్టుచప్పుడు కాకుండా సాగిపోతున్న సంసారాల మీద వాళ్లకెందుకంత కక్ష? అందుకు ఒక మార్కు తగ్గిస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు ఈ ఆట కొనేముందు బాగా ఆలోచించుకోండి!

అనుభవం మీద చెబుతున్నాను. తాళంచెవి చేయించి ఇచ్చిన మర్నాడు మేం ఇంటికొచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. ఫోన్ చేద్దామా వద్దా అని నేను, మా ఆవిడ గుసగుసలాడుకున్నాం. ఖాళీ ఇంట్లో గుసగుస ఎందుకో మాకే అర్థం కాలేదు. కిటికీలోంచి వీధి చూస్తూ నిలబడ్డాం. చీకటి పడేవేళకి తలుపులో తాళంచెవి తిరిగిన చప్పుడైంది. అత్తగారు వచ్చి చెప్పులు విప్పారు. కాళ్లకి దుమ్ముంది, మొహం ఎండకి కందింది.

ఎక్కడికెళ్లారని అడిగాను.

"ఊరికే," అన్నారు.