తవిటయ్య ట్యాంకుకు సరిపడా మనుషులు

గొర్లె తవిటయ్య తయారుచేసిన ట్యాంకు అసలు ట్యాంకులో నాలుగో వంతే ఉండడంతో, దానికి సరిపోయేలా నూకాంబిక కాలనీ జనాన్ని కూడా నాలుగో వంతుకు తగ్గించాలని నమూనాల క్రమబద్ధీకరణ విభాగం జూన్ మొదటి వారంలో ఉత్తర్వు ఇచ్చింది.

తవిటయ్య సైన్యంలో పద్దెనిమిదేళ్లు ట్యాంకులు బాగుచేశాడు. నడిపే అవకాశం మాత్రం ఒక్కసారీ రాలేదు. రిటైరై గాజువాక దగ్గరున్న ఈ కాలనీకి వచ్చాక, పెరట్లో రేకుల షెడ్డు వేసుకుని సొంతంగా ఒకటి మొదలుపెట్టాడు. ఇనుప రేకుతో ఒళ్లు, పాత చక్రాల కుర్చీల నుంచి తీసిన రెండు మోటార్లు, నాలుగు బ్యాటరీలు. చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టాల కోసం నూట అరవై నాలుగు ముక్కలు చేత్తోనే కోశాడు. రెండేళ్లు పట్టింది. ఒక ఆదివారం పొద్దున్న రిమోట్ పట్టుకుని వీధిలోకి నడిపించాడు. గొట్టం అటూ ఇటూ తిరిగింది, పొగ కూడా వదిలింది. ఒకడు పైకెక్కి కూర్చున్నా ఆగకుండా కదిలింది. జనం చప్పట్లు కొట్టారు. తవిటయ్య చెమట తుడుచుకునే మిషతో కళ్లు తుడుచుకున్నాడు.

మూడో రోజు తనిఖీ అధికారి మాధురీలత టేపు తీసుకుని వచ్చింది. పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి రిజిస్టరులో ఎక్కించింది.

"బొమ్మ అని రాద్దామంటే మనిషిని ఎక్కించుకుని తిరుగుతోందండి. ట్యాంకు అని రాద్దామంటే కొలత చాలడం లేదు" అంది.

"అయితే ఏటి సెయ్యమంటారమ్మా?"

"ట్యాంకును పెంచాలంటే ఇనుము కావాలి. మనుషుల్ని తగ్గించడానికి సంతకం చాలు."

తవిటయ్య పానా అందుకున్నాడు. "తప్పు నాది. దాన్నే ఇప్పీసి పక్కన పడీస్తాను. జనాన్ని వొగ్గీండి."

"రిజిస్టరైన దాన్ని విప్పడం నేరమండి. మనుషులు ఇంకా రిజిస్టరు కాలేదు కదా" అని ఆమె ఓపికగా వివరించింది.

తగ్గింపు శిబిరం కమ్యూనిటీ హాల్లో పెట్టారు. మనుషుల్ని తగ్గించిన కొద్దీ వాళ్ల ఇళ్లనూ తగ్గిస్తూ పోయారు. ఆధార్ జిరాక్సు, రెండు ఫోటోలు తేవాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు పెట్టుకునే రావాలి, లేకపోతే అది పాత సైజులోనే మిగిలిపోతుంది. తవిటయ్య రెండు రోజులు ఇంట్లోంచి కదల్లేదు. మూడో రోజు భార్య సన్యాసమ్మ వీధిలోకి తొంగి చూసి వచ్చింది.

"లైను సిన్నదుంది. ఇప్పుడే ఎల్లొచ్చీద్దాం" అంది.

"నీకు బయిం లేదా?"

"అందరూ తగ్గిపోనాక మనవొక్కలవే పొడుగ్గా ఉండి ఏటి సేస్తాం?"

సాయంత్రానికి తవిటయ్య పదహారున్నర అంగుళాలు అయ్యాడు. నొప్పేమీ లేదు, కొంచెం దాహం వేసింది. మర్నాటి నుంచి ఒక అరటిపండు ఇంటిల్లిపాదికీ సరిపోయింది. చీమల గురించి కొందరు ఫిర్యాదు చేశారు. వాటికి రసీదులు ఇచ్చారు.

ట్యాంకు ఇప్పుడు నిజమైన ట్యాంకు అయింది. రిమోట్ మాత్రం తగ్గలేదు. అది నమూనా కాదు, అసలు వస్తువు కనుక ఉత్తర్వు దానికి వర్తించదని తేల్చారు. నేల మీద నిలబెడితే తవిటయ్య నడుము దాకా వచ్చింది. ట్యాంకును నడిపే రెండు పుల్లల్లో ఒకదాన్ని తిప్పాలంటేనే రెండు చేతులూ కావాలి, రెండోది అందదు. పూర్తి సైజు పరికరం పూర్తి సైజు ఉద్యోగి దగ్గరే ఉండాలని మాధురీలత దాన్ని తీసుకుని భుజానికి తగిలించుకుంది.

"ఇప్పుడు నాను లోపల సరిపోతానమ్మా. లోపలే ఒక సీటు, నడపడానికి ఒక రాడ్డు పెట్టుకుంటాను" అని తవిటయ్య తలెత్తి అడిగాడు.

"అర్జీ పెట్టుకోండి. పూర్తి సైజు పౌరులు ఇద్దరు సాక్షి సంతకం చేయాలి."

కాలనీలో అలాంటివాళ్లు ఎవరూ లేరు.

రోజూ పది గంటలకు మాధురీలత రిమోట్ తిప్పితే ట్యాంకు వీధిలో తిరిగేది. గొట్టం ఎవరి గుమ్మం వైపు తిరిగితే వాళ్లు తలుపు వేసుకునేవారు. అందులోంచి పొగ తప్ప ఏమీ రాదని తవిటయ్యకు తెలుసు. గొలుసులో ఏ ముక్క వంకర పోయిందో శబ్దాన్ని బట్టి చెప్పగలడు. అయినా అది దగ్గరికి రాగానే గోడకు అంటుకుని నిలబడేవాడు. చెయ్యి దానంతటదే నుదుటి దాకా లేచేది.

దసరా వెళ్లాక అతని కూతురు హైమకు బిడ్డ పుట్టింది. నర్సు స్కేలు పెట్టి చూసి అయిదంగుళాలు అని రాసింది. పక్క గడిలో 'సాధారణం' అని రాసింది.

తవిటయ్య పొత్తిళ్లలోని బిడ్డను చాలాసేపు చూశాడు.

"ఈడు పెద్దయితే ఎంత ఎత్తు అవుతాడమ్మా?" అని అడిగాడు.

"రిజిస్టరులో మీకు ఎంత రాశారో, అంతే కదండి" అంది నర్సు.

సన్యాసమ్మ బిడ్డ అరికాళ్లు నిమిరి, వాడికి అంతా తాత పోలికే అంది. తవిటయ్య అవునని తలూపి, బిడ్డ కొలత రాసిన కాగితం మీద నర్సు చూపించిన చోట వేలిముద్ర వేశాడు.